ఇంజను లేని బండి

మొన్నొక మధ్యాహ్నం మనవరాలు హాల్లో కూర్చుని గోళ్లకు రంగు వేసుకుంటోంది. ఫ్యాను గాలికి ఆ వాసన నా గదిలోకి వచ్చింది. చదువుతున్న పేపరు మడిచి పెట్టి, లేచి పోయి దాని పక్కనే కూర్చున్నాను. "వాసన పడలేదా తాతా? బాల్కనీలోకి పోనా?" అంది. "వద్దమ్మా, ఇక్కడే వేసుకో. కాలి గోళ్లక్కూడా వేసుకో" అన్నాను. తాతకు ఏదో అయిందని వాళ్లమ్మకు చెప్పడానికి లోపలికి పోయింది.

నాకేమీ కాలేదు. ఆ సీసాలో ఉండేదీ, మా కాలంలో గ్లైడరుకు, అంటే ఇంజను లేని విమానానికి, రెక్కల మీద పూసిన డోపు అనే పూతలో ఉండేదీ ఒకటే సరుకు, నైట్రోసెల్యులోజు. అప్పట్లో మేం నేర్చుకున్న గ్లైడర్లు చెక్కవి. రెక్క లోపల సన్నటి చెక్క పక్కటెముకలు, వాటి మీద నూలుగుడ్డ. గుడ్డ మీద డోపు పూత మీద పూత వేస్తే, ఆరేకొద్దీ అది ముడుచుకుని బిర్రుగా బిగుసుకుపోయేది. వేలితో తడితే మోగేది. పూనా పక్కన హడప్సర్‌లో పొద్దున్నే హ్యాంగరు తలుపులు తోస్తే ముందుగా ముఖానికి కొట్టేది ఆ వాసనే. దాని వెనక గ్రీజు, తడిసిన తాళ్లు, రాత్రి కాపలావాడు కాల్చిన బీడీలు.

హడప్సర్ గ్లైడింగ్ సెంటరు పౌర విమానయాన శాఖది. డబ్బున్నవాళ్ల క్లబ్బు కాదు, ఫీజు నాబోటివాడు కూడా కట్టగలిగేంత. అందుకే తిరుపతి కొండ బస్సు డ్రైవరు కొడుకు అక్కడ విద్యార్థి పైలట్ కాగలిగాడు.

*

మా నాయన కొండ బస్సు డ్రైవరు అంటే మా ఊళ్లో ఇంకేమీ చెప్పక్కర్లేదు. నా చిన్నప్పుడు ఉన్నది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఒక్కటే. పైకి పోయే బండీ కిందికి వచ్చే బండీ దాని మీదే. 1974లో రెండో రోడ్డు వచ్చాక కొత్తది ఎక్కడానికీ పాతది దిగడానికీ అయింది. అప్పటి నుంచి నాయన "ఇప్పుడు ఎవుడైనా తోల్తాడు" అని చప్పరించేవాడు.

బడి లేని రోజుల్లో నన్ను వెంట తీసుకుపోయేవాడు. డ్రైవరు పక్కనే రేకు మూత కింద ఇంజను ఉండేది. దాని మీద గోనెపట్టా మడిచి నన్ను కూర్చోబెట్టేవాడు. కిందనుంచి వేడి, డీజిలు వాసన. వెనక నుంచి గోవింద నామాలు. మలుపుల్లో కడుపు తిప్పేవాళ్లకు ఎవరో ఒకరు నిమ్మకాయ అందించేవాళ్లు. దిగేటప్పుడు అద్దంలో చూస్తే గుండ్ల వరస, వాటి మీద ఆరిపోయిన గంధం.

ఎక్కేటప్పుడు నాయన లోకంలో ఉన్నవన్నీ మాట్లాడేవాడు. దిగేటప్పుడు నోరు మెదిపేవాడు కాదు. చెవి ఇంజను మీద ఉండేది. ఏ గేరులో ఎక్కినామో ఆ గేరులోనే దిగాల, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటే లైనర్లు కాలి వాసనొస్తాయి, ఆ వాసన వచ్చినాక ఇంక గోవిందా అనుకోవడమే. ఇట్లాంటివి నాకు అక్షరాలతో పాటే వచ్చేశాయి. "ఎక్కించేది ఇంజను రా. దించేది డ్రైవరు" అనేవాడు.

నేను చూసేది మాత్రం గద్దల్ని. అవ్వాచారి కోన వైపు లోయలోకి తొంగిచూస్తే అవి మనకంటే కింద తిరుగుతూ ఉండేవి. గద్ద పొట్ట అందరికీ తెలుసు, దాని వీపు చూడాలంటే కొండ రోడ్డు మీదికి రావాలి. గోధుమరంగు వీపు, చీలిన తోక, ఆ తోక ఒక్కటే అటూ ఇటూ వంకర తిప్పుతూ చుట్లు కొట్టేది. రెక్క ఆడించేది కాదు. మా బండి మూలుగుతూ కొన్ని మలుపులు ఎక్కేలోపల అది లోయలోంచి మా ఎత్తుకు వచ్చేది, ఇంకో మలుపు తిరిగేసరికి మా నెత్తిమీద ఉండేది.

"దానికి డీజిలు ఎవరు పోస్తారు నాయనా?"

"దానికి ఇంజనే లేదు కద రా. పైనుండే సామి తోల్తాడు. నువ్వు కాలు ముడుచుకో, గేరు తగలతాది."

*

బీఎస్సీ అయ్యాక ఉద్యోగం లేక ఇంట్లో కూర్చుంటే అమ్మ ముఖం చూడలేకపోయాను. పూనాలో మిలిటరీ లెక్కల ఆఫీసులో మా మామ గుమాస్తా. "ఇక్కడికి పంపు, టైపు నేర్పించి ఏదో ఒకచోట తోసేస్తా" అని రాశాడు. రేణిగుంటలో బొంబాయి బండి ఎక్కితే కడప, గుంతకల్లు, రాయచూరు, షోలాపూరు దాటుకుని పూనా. ఒక ట్రంకుపెట్టె, చెనిక్కాయల పొడి, మామకు లడ్లు. ఆ పెట్టెకు లడ్ల నెయ్యివాసన ఎన్నేళ్లయినా పోలేదు.

టైపు నేర్చుకున్నాను. తర్వాత చిన్న ఉద్యోగం కూడా దొరికింది. ఒక ఆదివారం సైకిలు మీద షోలాపూరు రోడ్డున పోతుంటే చెరకుతోటల వెనక నుంచి ఒక పెద్ద రెక్క నిట్టనిలువుగా లేచింది. చప్పుడు లేదు. పైకి పోయి, ముక్కు దించి, తాడేదో వదిలేసి, అట్లా తేలుతూ ఉండిపోయింది. సైకిలు ఆపి, మళ్లీ అది దిగేదాకా చూశాను. వీపు కనిపించలేదు కానీ నాకు తెలిసిపోయింది అదేమిటో.

ఇప్పుడు హడప్సర్ అంటే నగరం మధ్యలో ఉన్నట్టే. అప్పుడు చుట్టూ చెరకు, జొన్న. దక్షిణాన దివే ఘాట్ కొండలు బోసిగా కనబడేవి.

అక్కడ నా పేరు ఎవరికీ పట్టలేదు. తిరుపతి నుంచి వచ్చాడని తెలిసిన రోజు నుంచి నేను 'బాలాజీ'. ఇన్‌స్ట్రక్టరు నుంచి టీ కుర్రాడి వరకు అందరికీ అంతే. ఊరికి పోయి వస్తున్నానంటే ముందు అడిగేది ప్రసాదం తెచ్చావా అని.

*

గ్లైడింగ్ నేర్చుకున్నానంటే వినేవాళ్లు గాల్లో తేలడం ఊహించుకుంటారు. నిజానికి అది నేలమీద తోయడం. పొద్దున్నే గ్లైడరును హ్యాంగరులోంచి బయటికి తోయాలి. రెక్క మీద మంచు గుడ్డతో తుడవాలి. గాలి ఏ వైపు నుంచి వీస్తోందో చూసి, మైదానం ఈ చివరకు తోయాలి. ఆ చివర గ్లైడరును లాగి పైకెక్కించే విన్చి, అంటే పాత లారీ ఇంజనుకు తగిలించిన పెద్ద ఉక్కు డ్రమ్ము. దానికి చుట్టిన కేబులు కొసను జీపుకు కట్టి సుమారు ఒక కిలోమీటరు ఇక్కడిదాకా లాక్కురావాలి. గ్లైడరు ఎక్కడో మధ్యలో దిగుతుంది, అందరూ పరిగెత్తి మళ్లీ తోయాలి. లాగ్‌బుక్కు రాయడానికి ఒకడు, జెండా ఊపడానికి ఒకడు, రెక్క కొస పట్టుకుని పరిగెత్తడానికి ఇంకొకడు. ఒక్కడు నాలుగైదు నిమిషాలు ఎగరడానికి పదిమంది రోజంతా ఎండలో ఉండేవాళ్లం. మన వంతు వచ్చేసరికి గాలి మారితే మళ్లీ అన్నీ ఎత్తుకుని మైదానం ఆ చివరకు.

ఎవరూ విసుక్కునేవాళ్లు కాదు అని చెప్పను, బాగానే విసుక్కునేవాళ్లం. అయినా వంతు అయిపోయిందని ఇంటికి పోయినవాడు ఒక్కడూ లేడు. పోతే మర్నాడు వాడి రెక్క ఎవరు పట్టుకుంటారు?

నేను నేర్చుకున్న గ్లైడరు పేరు రోహిణి. ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేది. 1961లో మొదటిసారి ఎగిరింది, మన దేశంలోనే డిజైన్ చేశారు. మన పౌర విమానయాన శాఖవాళ్లు గ్లైడర్లకు నక్షత్రాల పేర్లు పెట్టారు: అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, తర్వాత మృగశీర్, ఆర్ద్ర. పేరు ఎవరు ఆలోచించారో కానీ, దానివల్ల మా ఇంట్లో పెద్ద రభస అయింది.

నేను ఇంటికి రాసే ఉత్తరాల్లో గ్లైడింగ్ సంగతి మెల్లగా చెప్దామని దాచిపెట్టి, అలవాటులో ఒకసారి రాసేశాను: "ఈ ఆదివారం రోహిణి దొరకలేదు, చాలా నిరాశగా ఉంది." మా అవ్వకు ఎవరో చదివి వినిపించారు. అవ్వ పక్కింటామెతో అంది, పక్కింటామె వీధికి చెప్పింది. అమ్మ మామకు కార్డు రాసింది: "ఎవరు తమ్ముడూ ఆ పిల్ల? మనోళ్లేనా?"

మామ జవాబు రాశాడు, అది చెక్కతో చేసిన విమానం అని. దాన్ని మా ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు. మేనల్లుణ్ని వెనకేసుకొస్తున్నాడు అనుకున్నారు.

*

విన్చి మీద ఎక్కడం గురించి చెప్పాలి. అది తెలియనివాళ్లకు ఎంత చెప్పినా సరిగ్గా రాదు కానీ ప్రయత్నిస్తాను.

బెల్టులు బిగించుకుని, స్టీరింగులాంటి కర్ర అటూ ఇటూ తిప్పి, కాళ్లతో తోకను తిప్పే రడ్డరు పెడళ్లు తొక్కి చూస్తాం. ఒకడు ముక్కు కింద కొక్కేనికి కేబులు తగిలిస్తాడు. ఇంకొకడు రెక్క కొస ఎత్తి పట్టుకుంటాడు. అప్పటిదాకా ఒక రెక్క నేలమీద వాలి ఉంటుంది, కింద ఉన్నది ఒకటే చక్రం. జెండావాడు చెయ్యి కిందికి దించి నిదానంగా ఊపుతాడు. కిలోమీటరు అవతల విన్చివాడు క్లచ్చు వదులుతాడు. గడ్డిలో కేబులు పాకుతూ బిగుసుకుంటుంది. బిగిసిన క్షణాన గ్లైడరు ముక్కు కొంచెం వణుకుతుంది. జెండా నెత్తిమీదికి వెళ్లిపోతుంది.

అంతే. రెక్క పట్టుకున్నవాడు కొన్ని అడుగులు పరిగెత్తి వెనకపడిపోతాడు. చక్రం గడగడ ఆగిపోతుంది. ముక్కు పైకెత్తగానే ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ ఉండదు, వీపు సీటుకు అతుక్కుపోతుంది. అర నిమిషమో ముప్పావు నిమిషమో, వెయ్యి అడుగుల పైన ఉంటాం. కేబులు లాగడం తగ్గుతుంది. ముక్కు దించి, కేబులు వదిలించే పసుపుపచ్చ గుండు లాగితే కింద టక్కుమంటుంది. కేబులు కొసకున్న చిన్న పారాచ్యూటు విచ్చుకుని కిందికి పోతుంది.

అప్పుడు గాలి చప్పుడు వినిపిస్తుంది. నిశ్శబ్దం అంటారు కానీ అది నిశ్శబ్దం కాదు. వేగం పెరిగితే చప్పుడు సన్నగా పైకి పోతుంది, తగ్గితే బొంగురుపోతుంది, మరీ తగ్గితే ఆగినంత పని అవుతుంది. ఆగిందంటే రెక్క ఇంక మోయలేకపోతోందని అర్థం. మా సర్ వేగం చూపే మీటరు మీద రుమాలు కప్పేసి "ఎంత?" అని అడిగేవాడు. చెవితో చెప్పాలి. నాకు ఇది కష్టం కాలేదు. నాయన పక్కన ఇంజను మూత మీద కూర్చుని ఇన్నేళ్లు చేసింది అదే.

సర్ నాగపూరు వైపు మనిషి. చాలా తక్కువ మాట్లాడేవాడు. ముక్కుకు ఎదురుగా ఒక ఎర్ర ఉన్నిదారం ముక్క కట్టి ఉండేది. గ్లైడరు సరిగ్గా పోతుంటే అది నిటారుగా వెనక్కి ఉంటుంది, పక్కకు జారుతుంటే పక్కకు పోతుంది. దారం ఎడమకు పోతే కుడికాలు, కుడికి పోతే ఎడమకాలు. అన్ని మీటర్లున్నా ఆయన ఆ దారాన్నే నమ్మేవాడు. నేను మలుపు తిప్పుతుంటే ఏమీ అనకుండా దారం వైపు వేలు చూపించేవాడు. ఊరికి పోయే బస్సులో కూర్చున్నా నా కాళ్లు ఆ దారానికే కదిలేవి.

ఆయన అసలు పాఠం ఒకటే, కేబులు తెగితే ఏం చెయ్యాలి. "ముందు ముక్కు దించు. తర్వాత ఆలోచించు." ఎక్కే కోణంలో ఉండగా కేబులు తెగితే వేగం కళ్లముందే హరించుకుపోతుంది. ముక్కు దించి వేగం తెచ్చుకున్నాకనే, ఎదురుగా దిగాలా, చుట్టు తిరిగి రావాలా అన్న లెక్క. చెప్పాపెట్టకుండా ఎక్కడో ఒక ఎత్తులో ఆయనే గుండు లాగేసేవాడు. చేతులు కట్టుకుని బయటికి చూస్తూ కూర్చునేవాడు.

ఇంకో సంగతి, గ్లైడరుకు రెండో అవకాశం ఉండదు. ఇంజను విమానం సరిగ్గా దిగలేకపోతే మళ్లీ పైకి పోయి చుట్టు తిరిగి వస్తుంది. మేం ఒక మీటరు ఎత్తు పోగొట్టుకుంటే సుమారు ఇరవై మీటర్లు ముందుకు పోతాం, అంతే మా ఆస్తి. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో, రెక్కల మీద లేచే స్పాయిలర్లనే పలకలు తెరిచి ఎక్కడ పారబోయాలో ముందే తెలిసి ఉండాలి. కొండ దిగే బస్సు లెక్కే ఇది. సర్‌కి నేను ఆ మాట చెప్తే మొదటిసారి నవ్వాడు.

ఒంటరిగా ఎగిరిన రోజు గురించి అందరూ అడుగుతారు. నిజంగా చెప్పుకోడానికి పెద్దగా లేదు. ఒక సాయంత్రం సర్ దిగి, పక్క సీటు బెల్టులు కర్రకు తగలకుండా కట్టేసి, "పో" అన్నాడు. ఆయన బరువు లేక బండి తొందరగా ఎక్కింది. పక్కన దారం చూపించే వేలు లేదు. దిగాను. మర్నాడు ఉద్యోగానికి పోయాను.

*

నాకు బాగా గుర్తున్నది వేరే. ఎండలు ముదురుతున్న రోజులు. కోత అయిపోయిన చేలు, దున్ని వదిలేసిన నల్లమట్టి. ఎండకు నేల అన్నిచోట్లా ఒకేలా వేడెక్కదు. తడి ఉన్న చెరకుతోట చల్లగా ఉంటుంది, పక్కనే దున్నిన పొలం, రేకుల షెడ్డు, రాతినేల కాలిపోతుంటాయి. అక్కడి గాలి తేలికై స్తంభంలాగా పైకి లేస్తుంది. మేం థర్మల్ అనేవాళ్లం. కంటికి కనిపించదు. పైన ఒక తెల్లటి గుండ్రటి మేఘం తయారవుతుంటేనో, కింద చెత్త గిర్రున లేస్తేనో, గద్దలు చుట్లు కొడుతుంటేనో తెలియాలి.

ఆ రోజు నేను దిగడానికి లెక్క వేసుకుంటుంటే ఎడమ రెక్క ఎవరో కింద నుంచి తోసినట్టు లేచింది. లేచిన రెక్క వైపే తిరగాలి. అందరికీ అనిపించేది అవతలికి పోవాలని, నేర్చుకునేది ఇవతలికి తిరగడం. తిరిగాను. ఎక్కుతున్నామో దిగుతున్నామో చూపే వేరియోమీటరు ముల్లు సున్న దాటి పైకి పోయింది. కొంచెం పైన ఒక గద్ద అప్పటికే తిరుగుతోంది. థర్మల్‌లో ముందున్నవాడు ఏ వైపు తిరుగుతుంటే వెనక వచ్చినవాడు అదే వైపు తిరగాలని మా నియమం. గద్ద ఎడమకు తిరుగుతోంది, నేనూ ఎడమకు తిరిగాను. అది తల వంచి నన్ను చూసింది, భయపడలేదు. దానికంటే నా చుట్టు పెద్దది, అందుకే అది నాకంటే తొందరగా ఎక్కింది. మైదానం అగ్గిపెట్టె అంతయింది. విన్చి కనిపించడం మానేసింది. కింద మావాళ్లు, వాడు దిగితే తప్ప మా వంతు రాదు కదా అని తిట్టుకుంటూ ఉంటారని నాకు తెలుసు. దిగబుద్ధి కాలేదు.

ఆ రోజుల్లో గద్దల కంటే రాబందుల్ని నమ్మేవాళ్లం. అది అంత బరువు పక్షి, రెక్కలు కొట్టుకుంటూ ఎగరడం దానికి ఖరీదు వ్యవహారం, అందుకే గట్టి థర్మల్ లేకుండా గూడు వదలదు. రాబందు తిరుగుతోందంటే అక్కడ నమ్మకమైన సరుకుందని లెక్క. తిరుపతిలో కూడా చిన్నప్పుడు ఊరి బయట చచ్చిన ఎద్దును పడేసిన చోట గుంపులుగా వాలేవి. ఇంటి మీద వాలితే అరిష్టమని అవ్వ పసుపునీళ్లు చల్లించేది.

ఇప్పుడు చల్లడానికి పసుపునీళ్లున్నాయి కానీ రాబందులు లేవు. తొంభైల తర్వాత దేశమంతా మాయమైపోయాయి. పశువులకు నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు కళేబరాల్లోంచి వాటికి పోయి కిడ్నీలు పాడుచేసిందని తేలింది. 2006లో పశువులకు ఆ మందు ఆపేశారు. అప్పటికే తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. మా మనవరాలికి పుస్తకంలో బొమ్మ చూపిస్తే "ఇదేంటి తాతా, ఇంత అసహ్యంగా ఉంది" అంది. ఆకాశంలో దాన్నోసారి చూసి ఉంటే ఆ మాట అనేది కాదు.

*

తర్వాత బ్యాంకులో ఉద్యోగం వచ్చి తిరుపతికి తిరిగొచ్చేశాను. ఇక్కడ గ్లైడరు లేదు. లైసెన్సు పుస్తకం ట్రంకుపెట్టెలో నెయ్యి వాసన పట్టి పడుంది. పెళ్లి, పిల్లలు, బదిలీలు. అడిగినవాళ్లకు "విమానం నేర్చుకున్నా" అని చెప్తే "మరి పైలట్ ఎందుకు కాలేదు?" అనేవాళ్లు. ఇంజను లేని విమానం అని చెప్తే ఇంక అడిగేవాళ్లు కాదు.

కానీ ఊరు మారిపోయింది నాకు. ఏడుకొండల దక్షిణపు గోడ, కపిలతీర్థం పైన ఎర్రటి రాతి వరస ఉంది కదా, పుట్టినప్పటి నుంచి దాని కిందే బతికాను. దండం పెట్టుకోడానికి తప్ప తలెత్తి చూసింది లేదు. ఇప్పుడు పొద్దున బ్యాంకుకు పోతూ చూస్తే, తొమ్మిదింటికి ఆ రాయి ఇంకా వేడెక్కలేదు, గద్దలు చెట్ల మీద కూర్చుని ఉన్నాయి. భోజనాల వేళకు గోడ పొడుగునా వరసగా లేస్తున్నాయి. స్వర్ణముఖి ఎండిపోయి ఇసుక పరుచుకున్న రోజుల్లో దాని మీద ఒక గుంపు. వాన పడిన మర్నాడు ఏమీ లేదు. క్యాషు కౌంటరులో కూర్చుని కిటికీలోంచి థర్మళ్లు లెక్కపెట్టేవాణ్ని. మా మేనేజరు నేను దేవుడి మీద ధ్యాసలో ఉన్నాననుకునేవాడు.

చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గర 1992లో పెద్ద రాడారు పెట్టారు. కొండల మధ్య పల్లంలో 1024 యాంటెన్నాలు, 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. 2005 నుంచి ఆ కేంద్రాన్ని నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ లేబొరేటరీ అంటున్నారు. ఒకసారి లోపలికి పోయి చూసే అవకాశం వచ్చింది. ఒక కుర్ర శాస్త్రవేత్త ఎంతో ఓపికగా చెప్పాడు, ఈ రాడారు గాలి పక్కకు పోవడమే కాదు, పైకీ కిందికీ ఎంత వేగంతో కదులుతోందో కూడా సెంటీమీటర్ల లెక్కన కొలుస్తుందని. తెర మీద రంగు రంగుల పట్టీలు. నేను మాట్లాడకుండా నిలబడిపోయాను. ఆ అబ్బాయి నాకు అర్థం కాలేదనుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. నేనూ మళ్లీ మొదటి నుంచి విన్నాను.

*

నాయన సంగతి మధ్యలో వదిలేశాను. మామ రాసిన జవాబు నమ్మక అమ్మ ఊరుకోలేదు. నాయనకు లీవు పెట్టించి, రోహిణి ఎవరో కళ్లారా చూసి రమ్మని రేణిగుంటలో బండి ఎక్కించింది.

ఒక ఆదివారం నేను రెక్క పట్టుకుని పరిగెత్తి, ఆయాసపడుతూ వెనక్కి తిరిగితే మామ పక్కన తెల్ల పంచె, చేతిలో గుడ్డమూటతో నాయన. నేను పరిచయం చేసేలోపలే ఎవరో "బాలాజీ వాళ్ల నాన్న వచ్చాడు" అని అరిచారు. మూటలో లడ్లు పది నిమిషాల్లో అయిపోయాయి. చూడ్డానికి వచ్చినవాళ్లను కొద్ది రుసుముకు ఒక చుట్టు తిప్పడం అక్కడ మామూలే. సర్ నాయనను చూసి, రా అన్నట్టు తలూపాడు.

నాయన వెంటనే ఎక్కలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. డిపోలో చేసినట్టు చక్రాన్ని కాలితో తన్ని చూశాడు.

"ఒకటే చక్రమా? స్టెప్నీ?"

"ఉండదు నాయనా."

"బ్రేకు ఉండాదా?"

స్పాయిలర్లు తెరిచి చూపించాను. వేళ్లతో పట్టుకుని ఊపి, బందులు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. చెప్పులు విడిచి గడ్డిలో పక్కన పెట్టాడు. సీట్లో కూర్చుని ముందున్న కర్రను తాకి కళ్లకద్దుకున్నాడు, రోజూ స్టీరింగుకు చేసినట్టే. కేబులు బిగిసింది. రెక్క నేనే పట్టుకున్నాను. జెండా పైకి పోగానే "గోవిందా" అని గట్టిగా అరిచాడు. మైదానంలో సగంమంది తిరిగి అరిచారు.

నేను చూస్తూ నిలబడ్డాను. తిరిగొచ్చి మెత్తగా దిగింది. నాయన ముఖంలో ఏమీ లేదు. చెప్పులు వేసుకుని, "దించడం బాగుండాది, ఆయప్ప మంచి డ్రైవరే" అన్నాడు. తర్వాత చుట్టూ చూసి, "ఎక్కించిందెవరు?" అన్నాడు.

దూరంగా విన్చి చూపించాను. ఎండలో అంత దూరం ఒక్కడే నడిచిపోయాడు. మిగతా రోజంతా అక్కడే. విన్చి నడిపే మనిషికి మరాఠీ వచ్చు, మా నాయనకు తెలుగు, అరవం, కొండమీద భక్తులతో మాట్లాడే ముక్కల హిందీ వచ్చు. ఇద్దరూ ఒకే డబ్బాలో తెచ్చిన రొట్టె తింటూ క్లచ్చు గురించి, గేరు గురించి సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు. ఎట్లా మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. తిరిగి వచ్చేటప్పటికి పంచె నిండా గ్రీజు.

ఇంటికి పోయి అమ్మతో "రోహిణిని చూసొచ్చినా. ఒకటే చక్రం, రెండు రెక్కలు. మనోళ్లు కాదు" అన్నాడట. అమ్మకు ధైర్యం వచ్చింది.

నేను పూనా వదిలి వచ్చేశాక కూడా, మామ సెలవుకు వచ్చి వెళ్లేటప్పుడల్లా నాయన ఒక లడ్ల పొట్లం ఇచ్చి విన్చి ఆయనకు అందించమనేవాడు. ఒకసారి నేను ఉండబట్టలేక, "సర్‌కి పంపవా నాయనా? నేర్పించింది ఆయన కదా" అన్నాను.

"ఆయప్ప దించినాడు. నేనూ దినామూ దించతానే ఉండా, అందులో ఏముంది? ఎక్కించే మనిషినే నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. ఆ లడ్లన్నీ మోసింది మాత్రం మా మామ. ఆయనకు షుగరు, ఒక్కటీ తినలేదు.